తోక కోసిన శోకం

కోరుట్లలో పొద్దున ఏడున్నరకు సామేలు ఆటో ఇంటి ముందు నుంచి కదిలిందంటే, ఇంట్లో అఖిల చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుందన్నమాటే. ఆమె ఉద్యోగం ఏడుపులు వినడం. ఆటో ఎక్కినవాళ్లెవరైనా "నీ బిడ్డ ఏం జేస్తది సామేలూ?" అని అడిగితే, "కంప్యూటర్ల పని" అని ఊరుకునేవాడు. ఏడుపులని చెబితే ఇంకో పది ప్రశ్నలకు జవాబు చెప్పాలి, ఈలోగా వాళ్లు దిగాల్సిన చోటు దాటిపోతుంది.

ఒక విశ్వవిద్యాలయం ఊళ్లలోని పాత పాటలను, కథలను, శోకాలను రికార్డు చేసి, ఎవరైనా ఎప్పుడైనా వినేట్టు ఇంటర్నెట్‌లో భద్రపరిచే పని పెట్టుకుంది. జగిత్యాల, సిరిసిల్ల వైపు శోకాలు అఖిల వంతుకు వచ్చాయి. చావు జరిగిన ఇంటికి పదకొండో దినాన పోయి, ఓ మూల మైకు పెట్టి రికార్డు చేయాలి. ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో దాన్ని శుభ్రం చేయాలి. కుక్క అరుపు, మోటరు సైకిలు, ఫ్యాను రొద, అన్నీ తీసేయాలి. మాటలు టైపు చేసి, పేరు, ఊరు, వయసు గడులు నింపాలి. మాటను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేరు ఒకటి ఇచ్చారు గానీ, అదేం చదువుకుందో, ఎంత పెద్ద శోకం వినిపించినా 'సంగీతం' అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకునేది. అందుకని టైపు చేయడం కూడా అఖిల పనే.

ఫైలు పది నిమిషాలు దాటకూడదని నియమం. శోకమేమో పన్నెండు పదమూడు నిమిషాలు నడుస్తుంది. చివరి రెండు మూడు నిమిషాలు ఎలాగూ రొదే. విస్తర్లు వేసే చప్పుడు, జనం లేచే చప్పుడు, ఏడ్చిన మనిషి ఏడుపు ఆపేసి మామూలు గొంతుతో ఏదో మాట్లాడే చప్పుడు. అఖిల దాన్ని తోక అనేది. తోక కోసేసి, కోసిన చోట గొంతు మెల్లగా సన్నగిల్లి ఆగేట్టు చేసేది. వినడానికి ఎంతో బాగుండేది. హైదరాబాదులో ఈ పనంతటికీ పెద్ద అయిన ప్రభాకర్ సారు, చివర అలా సన్నగిల్లడం గుండెను పట్టేస్తోందమ్మా అని మెచ్చుకున్నాడు కూడా. అలా రెండేళ్లలో అరవై మూడు శోకాలు కోసింది. లాప్‌టాప్‌లో చోటు చాలక, కోసిన తోకలను ఎప్పటికప్పుడు తుడిచేసింది.

అరవై మూడూ రుద్రంగి ఐలమ్మవే. ఐలమ్మ శోకం పెడితే పోయినవాళ్లు వచ్చి కూర్చుంటారు. ఆ చుట్టుపక్కల ఇది అందరికీ తెలిసిందే కాబట్టి, పదకొండో దినాన ఇంటివాళ్లు ఓ పీట ఖాళీగా ఉంచుతారు. పోయినవాళ్లు వస్తారు, తమ గురించి చెప్పే మంచి మాటలు తల వంచుకుని వింటారు, మాట్లాడరు. ఆఖరున వాళ్లు లేచి పోయేటప్పుడు ఎవరూ చూడకూడదు, అందరూ గోడ వైపు తిరగాలి. అఖిల కూడా గోడ వైపు తిరిగి వైర్లు చుట్టుకునేది. వచ్చేది ఆ ఒక్కసారే. ఐలమ్మను వెల్గటూర్ దాకా పిలిచేవారు. పోయిన ఉగాది ముందు ఆమె గొంతుకు కరీంనగర్‌లో ఆపరేషన్ అయింది. అప్పటినుంచి మాట గుసగుసగా వస్తోంది, శోకం పెట్టడం మానేసింది.

కనకయ్య రుద్రంగివాడే. సిరిసిల్లలో నూలు దుకాణాల్లో హమాలీ. ముప్పయ్యేళ్లు రోజూ మొదటి బస్సుకు పోయి చీకటి పడ్డాక వచ్చేవాడు. ఒకనాడు నూలు బేలు దించి, గోడకు ఆనుకుని కూర్చుని, అలాగే పోయాడు. అతని పదకొండో దినమే అఖిల మొదటి రికార్డింగు. కనకయ్య వచ్చి పీట మీద సగమే కూర్చున్నాడు, ఇంత మర్యాద తనకెందుకన్నట్టు. భార్య బాలవ్వ బీడీలు చేస్తుంది. తర్వాత కొన్నాళ్లకు ఆమె అఖిలకు ఫోన్ చేసి, ఆ ఏడుపు తన ఫోన్లోకి పంపమని అడిగింది. అడగక అడగక అడిగింది కదా అని, అఖిల తను శుభ్రం చేసిన ఫైలు పంపింది.

మర్నాడు బాలవ్వ చాటలో ఆకు కత్తిరించుకుంటూ ఫైలు పెట్టింది. కనకయ్య వచ్చి పీట మీద కూర్చున్నాడు. అఖిల హెడ్‌ఫోన్లలో వింటే ఎన్నడూ ఎవరూ రాలేదు, నలుగురికీ వినబడేట్టు మోగితేనే వస్తారు కాబోలు. "మంచిగైంది" అన్నారు పక్కింటివాళ్లు. ఇక రోజూ అదే పద్ధతి. పొద్దున పది నిమిషాలు కనకయ్య వచ్చేవాడు, బాలవ్వ బీడీలు చుడుతూ ఇంటి సంగతులన్నీ చెప్పేది. ఈసారి ఆకు మంచిగ లేదు, సగం చిరుగుతోంది. పెద్ద కోడలికి మూడో నెల. బోరింగు చెడిపోతే సర్పంచు ఇంతవరకు మొకం చూపలేదు. బతికుండగా ఆయన పది నిమిషాలు ఒక్కచోట కూర్చుని తన మాట విన్నది లేదని ఆమె నవ్వుతూ చెప్పేది. నిజంగానే ఆమె సంతోషంగా ఉండేది.

ఈలోగా విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో ఒక కోర్సు మొదలుపెట్టింది. మౌఖిక సాహిత్యం మీద పరిశోధన చేసేవాళ్లు రికార్డింగును ఎలా వినాలి, ఎలా వివరించాలి అని నేర్పే కోర్సు. మొదటి పాఠానికి ఉదాహరణ కావాలి కాబట్టి ఒకటో నంబరు ఫైలు పెట్టారు. వందల మంది చేరారు. ఎవరు నొక్కినా కనకయ్య పోవాల్సిందే. బతికుండగా కరీంనగర్ దాటని మనిషి, వరంగల్‌లో హాస్టళ్లకూ హైదరాబాదులో అపార్టుమెంట్లకూ తిరిగాడు. పిల్లలు మర్యాదస్తులే. కుర్చీ వేసేవారు, మంచినీళ్లు పెట్టేవారు, పది నిమిషాలు ఆయనను చూసి నోట్సు రాసుకునేవారు. ఒకేసారి ఇద్దరు నొక్కితే ఒకరి దగ్గర సగం కూర్చుని రెండో వారి దగ్గరికి పరుగెత్తేవాడు. ఒకమ్మాయి అభిప్రాయాల గడిలో 'ఆలస్యంగా వచ్చారు' అని రాసి ఒక నక్షత్రం తగ్గించింది.

శ్రావణంలో ఒక పొద్దున బాలవ్వ బస్సు దిగి, దారి అడుగుతూ అడుగుతూ కోరుట్లలో అఖిల ఇల్లు పట్టుకుని వచ్చింది. అఖిల టీ ఇస్తే గ్లాసు పట్టుకుని కూర్చుంది, తాగలేదు.

"బిడ్డా, ఆయన్ను ఎవలు పిలుస్తున్నరే గిన్నిసార్లు?"

అఖిల కోర్సు సంగతి చెప్పింది.

"ఆయన కాళ్లు చూసినవా నువ్వు? ముప్పయ్యేండ్లు బేళ్లు మోసినా గట్ల కాలే. మడిమెలు పలిగి ఎర్రగ కనవడుతున్నయ్. నేను రెండు నెలల సంది పెడుతలేను ఫోన్ల. నేనన్న బంద్ చేస్తే ఒక తిరుగుడు తగ్గుతది గద అని."

రెండు నెలలుగా ఈమె ఖాళీ పీట ముందు బీడీలు చుట్టుకుంటోందన్నమాట.

"మొన్న మనసు నిలువక ఒక్కపారి పెట్టిన," అంది బాలవ్వ. "వచ్చిండు. కూసోవోతడు, లేస్తడు. కూసోవోతడు, లేస్తడు. మగ్గం సాంచె లెక్క. గదేంది బిడ్డా?"

అదేమిటో అఖిల ఆ మధ్యాహ్నం కనిపెట్టింది. హైదరాబాదులో అరుణ్ అనే సంగీతం కుర్రాడు శోకంలోంచి ఎనిమిది సెకన్ల ముక్క తీసుకుని, దాన్ని మళ్లీ మళ్లీ తిరిగేట్టు చేసి కింద తాళం కలిపి ఒక పాట కట్టాడు. సైటులో ఉన్నవి ఎవరైనా తమ సృజనకు వాడుకోవచ్చని విశ్వవిద్యాలయమే రాసింది కాబట్టి అందులో తప్పు లేదు. కింద ఐలమ్మ పేరు, ఊరు పద్ధతిగా వేశాడు కూడా. పాట బాగుంది. జనం వింటున్నారు. ఎనిమిది సెకన్లకోసారి కనకయ్య కూర్చోబోయి లేస్తున్నాడు.

అఖిల జగిత్యాల ఆఫీసుకు పోయి అడిగింది. తీసేసే బటను తమ దగ్గర లేదన్నారు. ప్రభాకర్ సారుకు ఫోన్ చేసింది. ఆయన ఓపికగా విన్నాడు.

"చూడమ్మా అఖిలా, నాకు బాధగానే ఉంది. కానీ ఇది శాశ్వత భాండాగారం. తీసెయ్యకుండా ఉండేట్టే కట్టాం. మూడు నగరాల్లో మూడు ప్రతులున్నాయి. ఒకటి పోయినా రెండు ఉంటాయి. ఒప్పంద పత్రం మీద బాలవ్వ వేలిముద్ర ఉంది కదా?"

"ఉంది సార్. నేనే వేయించిన."

"మరి? కమిటీ ఏడాదికోసారి కూర్చుంటుంది. వచ్చే వేసవిలో దరఖాస్తు పెడదాం."

అఖిల అరుణ్‌కు రాసింది. అతను మంచివాడు, వెంటనే తన పాట తీసేశాడు. కానీ అప్పటికే నలుగురు దించుకుని నాలుగు చోట్ల పెట్టుకున్నారు. ఆ నలుగురి పేర్లు ఎవరికీ తెలియవు. కంప్యూటరు ముందు కూర్చుని ఆమె చేయగలిగింది ఇక ఏమీ లేకపోయింది. ఫైలు కింద అంకె మాత్రం పెరుగుతూనే ఉంది. తనే పంపింది, తనే వేలిముద్ర వేయించింది, తనే కోసింది. సామేలు రాత్రి అన్నం దగ్గర బిడ్డ మొహం చూసి, "ఆ కొలువు ఇడిసిపెట్టు బిడ్డా" అన్నాడు. విడిచిపెడితే కనకయ్య తిరగడం ఆగుతుందా అని ఆమె అడిగింది. ఆయన ఆమె కంచంలో ఇంకాస్త అన్నం వేశాడు.

ఆఖరికి ఐలమ్మ దగ్గరికి పోయింది. ఐలమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మెడ చుట్టూ తువ్వాల. అఖిల ఫైలు వినిపించబోతే వద్దని చెయ్యి ఊపింది.

"పెట్టకు. మల్ల నడుస్తడు. చివరికి ఏమున్నదో చెప్పు."

"చివరకు మెల్లగ తగ్గి ఆగిపోతది అవ్వా."

"ఆగిపోవుడేంది? సాగనంపుడు ఏది?"

అఖిలకు అర్థం కాలేదు. ఐలమ్మ గుసగుసగా, ఒక్కో మాటకు ఆగుతూ చెప్పింది. ఏడ్చి పిలిచినాక, ఏడుపు ఆపి, మామూలు మాటతో తొవ్వ చెప్పాలి. ఇంటి గడప నుంచి ఊరి పొలిమేర దాకా, ఆ మనిషి రోజూ నడిచిన దారినే, ఒక్కో గుర్తు చెప్పుకుంటూ. ఆఖరున ఇంటివాళ్లు పో అనాలి. అప్పుడు పోతారు. చెప్పకపోతే ఎట్ల పోతరు, ఎక్కడికి పోతరు?

తను తోక అని కోసేసింది అదేనని అఖిలకు అప్పుడు తెలిసింది. విస్తర్ల చప్పుడు మధ్య మామూలు గొంతుతో మాట్లాడుతుంటే, శోకం అయిపోయి కబుర్లు చెప్పుకుంటున్నారనుకుంది. ఎమ్మే చదివింది, నాలుగు సాఫ్ట్‌వేర్లు నేర్చుకుంది, ఆ మూడు నిమిషాలు ఏమిటని ఒక్కనాడూ ఈమెను అడగలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

"అవ్వా, నువ్వు మల్లొక్కసారి చెప్పవా?"

"నా మాట నా తువ్వాల దాటుతలేదు బిడ్డా. ఆయనకు ఇనవడాలె గద. గది పాట గాదు, మాట. నువ్వే చెప్పు. కని తొవ్వ తప్పు చెప్పద్దు. తప్పు చెప్పితే నడుమల్నే తిరుగుతడు."

ఫోన్లో మ్యాపు తీస్తే బాలవ్వ ఇంటి నుంచి బస్టాండుకు ఒక నీలం గీత వచ్చింది, పన్నెండు నిమిషాల నడక అని చెప్పింది. అందులో కనకయ్య ఎక్కడా లేడు. అందుకని అఖిల బాలవ్వనే వెంటబెట్టుకుని నడిచింది. బాలవ్వ ముందు నడుస్తూ చూపించింది. ఇగో ఈ బోరింగు కాడ నోరు పుక్కిలించేటోడు. ఈ బీడీల కార్ఖానా గోడ మూల తిరిగి తువ్వాల చుట్టుకునేటోడు. రేషను దుకాణం అరుగు మీద నల్ల కుక్క ఉంటే దానికి ఏదో ఒకటి ఏసేటోడు. బడి గోడ పొంటి పోతే దగ్గర, కని ఆయన పాల కేంద్రం పొంటి పోయేటోడు, ఎందుకో నేనెన్నడు అడుగలే. ముప్పయ్యేళ్లలో ఎన్నడూ ఎందుకు అడగలేదా అని ఆమెకు దుఃఖం వచ్చింది. పాల కేంద్రం ముందు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అఖిల పక్కన నిలబడింది.

ఇల్లు చేరాక ఐలమ్మను కూడా పిలిపించి గోడ పక్కన కూర్చోబెట్టారు. బాలవ్వ ఫోన్ తీసి తనే నొక్కింది.

కనకయ్య వచ్చాడు. కూర్చోబోయాడు, లేచాడు. ఎక్కడో ఆ పాట మోగుతోంది. వాళ్లు ఎదురుచూశారు. మూడు నిమిషాలకు ఆ పాట ఆగింది కాబోలు, ఆయన పీట మీద నిండుగా కూర్చున్నాడు. కళ్లు మూసుకున్నాడు. కాళ్ల వైపు అఖిల చూడలేకపోయింది.

శోకం సన్నగిల్లి ఆగిపోగానే అఖిల మొదలుపెట్టింది. గడప దిగు కనకయ్య పెద్దనాయనా, కుడి దిక్కు తిరుగు. బోరింగు కాడ నోరు పుక్కిలించు. కార్ఖానా గోడ మూల తిరిగి తువ్వాల చుట్టుకో. పాల కేంద్రం పొంటే పో, బడి పొంటి వద్దు. బస్టాండు వచ్చింది. బస్సు ఎక్కకు, సిరిసిల్లకు పని లేదు. బస్టాండు దాటి పొలిమేర కాడి మోరీ మీదికి నడువు. మోరీ అవతల మన ఊరు కాదు.

ఇక ఒక్క మాట మిగిలింది, అది బాలవ్వ అనాలి. ఆమె అనలేదు. కనకయ్య పీట మీదే ఉన్నాడు. మళ్లీ ఎవరైనా నొక్కితే ఈ దారంతా మొదటినుంచి చెప్పాలని ఐలమ్మ గుసగుసగా గుర్తుచేసింది. బాలవ్వ భర్తను చూసింది, చాటలోని బీడీలను చూసింది, మళ్లీ భర్తను చూసింది.

"కోడలికి బిడ్డ పుట్టినంక చెప్పుదామనుకున్న," అంది. "సరె. పో అయ్యా. ఇగ ఎవలు పిలిచినా రాకు. నేను పిలిచినా రాకు."

అందరూ గోడ వైపు తిరిగారు. తిరిగి చూసేసరికి పీట ఖాళీగా ఉంది. బాలవ్వ ఫోన్ తీసి ఫైలు పెట్టి చూసింది. ఐలమ్మ గొంతు పది నిమిషాలు మోగింది, ఎవరూ రాలేదు. బాలవ్వ పీట ఎత్తి అటక మీద పెట్టి, చాట ముందు కూర్చుని ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది. అఖిల పోయొస్తానంటే తల ఊపింది గానీ కళ్లెత్తలేదు.

వారం తిరిగేసరికి ప్రభాకర్ సారు నుంచి మెయిలు వచ్చింది. కనకయ్య రావడం లేదని విద్యార్థులు రాస్తున్నారు, ఒకటో నంబరు ఫైలు పాడైనట్టుంది, ఫరవాలేదు, వచ్చే సోమవారం నుంచి పాఠానికి రెండో నంబరు పెడుతున్నాం, నీ శ్రమకు ధన్యవాదాలు.

అఖిల మెయిలు రెండుసార్లు చదివింది. తర్వాత జాబితా తెరిచింది. తను స్వయంగా గడులు నింపిన జాబితా. అరవై మూడు పేర్లు, అరవై మూడు ఊళ్లు. ఒక్కదానికీ తోక లేదు. ఇన్నాళ్లు ఎవరూ బయటికి మోగించలేదు కాబట్టి మిగతా అరవై ఇద్దరూ ఎక్కడున్నవాళ్లు అక్కడ ఊరికే ఉన్నారు. రెండో నంబరు ఎదురుగా ఇలా ఉంది. అజయ్, పందొమ్మిదేళ్లు, వెల్గటూర్. శోకం పెట్టించినది తల్లి సుజాత. అఖిల సారుకు ఫోన్ చేసింది. ఆయన పాఠం సిద్ధమైపోయిందని, కమిటీకి వేసవిలో రాద్దామని చెప్పాడు. ఇక ఆమె బ్యాగులో ఫోను, నీళ్ల సీసా పెట్టుకుని, తండ్రి ఆటోలో బస్టాండుకు పోయింది.

జగిత్యాలలో బస్సు మారి ధర్మపురి మీదుగా వెల్గటూర్ చేరేసరికి పదకొండు దాటింది. సుజాత పొలంలో కూలికి పోకుండా ఆ రోజు ఇంట్లోనే ఉంది. అఖిలను గుర్తుపట్టింది. కుర్చీ వేసింది, నీళ్లిచ్చింది. రెండేళ్ల కింద ఫైలు పంపనా అని అడిగితే, వద్దు బిడ్డా, నేను ఇనలేను అన్న మనిషి ఈమే.

"ఏం పని మీద వచ్చినవ్ బిడ్డా?"

అఖిల బ్యాగును ఒళ్లోకి తీసుకుంది. సుజాత దాన్ని తనకు తోచినట్టు అర్థం చేసుకుని ఎదురుగా చాప మీద కూర్చుంది.

"ఆనాడు వాడు అచ్చి కూసున్నడు చూడు, నేను మంచిగ చూడలే. కండ్లు మూసుకునే ఏడ్చిన. పో అనుమని ఐలమ్మ అంటే అన్న. అన్నంక కండ్లు తెరిచిన. గింతే. మల్లొక్కపారి అస్తే కండ్లు మూయకుంట చూస్త. గదే రంది నాకు, వేరే ఏం లేదు."

బ్యాగులో ఫోను ఉంది. నొక్కితే పందొమ్మిదేళ్ల కొడుకు వచ్చి ఇదిగో ఈ చాప మీద కూర్చుంటాడు. తల్లి కళ్లు తెరుచుకుని చూస్తుంది. పది నిమిషాల తర్వాత ఈమెతో పో అనిపించాలి, రెండోసారి. అనకపోతే సోమవారం నుంచి వాడు నడవాలి. ఈమెకు ఏ సంగతి ముందు చెప్పాలో అఖిలకు తోచలేదు. రెండూ ఒకే సంగతి. ఇవాళ గురువారం.

"సుజాతక్కా," అంది చివరికి. "అజయ్ పొద్దుగాల ఇంట్లకెళ్లి ఎల్లితే, ఏ తొవ్వల పోతుండె?"

సుజాత మొహం విచ్చుకుంది. రెండేళ్లుగా ఊళ్లో ఒక్కరూ ఆమెను కొడుకు గురించి ఏమీ అడగలేదు. బాధపెట్టడమెందుకని అందరూ ఆ పేరే ఎత్తడం మానేశారు.

"వాని తొవ్వనా? వాడు అందరి లెక్క పోతడా ఎన్నడన్న," అంటూ లేచి, గోడ మూలన ఉన్న చెప్పులు వేసుకుంది. "నడువు, చూపిస్త."

ఆమె ముందు నడిచింది. అఖిల వెనకాల నడిచింది. గడప దిగగానే సుజాత ఆగి, మొదటి గుర్తు చూపించింది.